చిన్నపిల్లల విద్యలో డిగ్రీ చదవాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ అయ్యాక "చిన్నపిల్లలంటే ఇష్టం, అదే చదవాలని ఉంది, ఎక్కడ చదవాలో తెలియడం లేదు" అనే అమ్మాయిలు, ఏళ్ల తరబడి ప్లేస్కూల్లో పనిచేస్తూ సరైన సర్టిఫికెట్ లేక ఆగిపోయినవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, విదేశాల్లో ఉండి మళ్లీ పుస్తకం పట్టాలనుకునే తల్లులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఫీజులు, తేదీలు, సీట్లు ఏటా మారతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు. ఆయా నోటిఫికేషన్లలోనే చూసుకోండి.

చిన్నపిల్లలకు చెప్పడానికి డిగ్రీ ఎందుకు? ఓపిక ఉంటే చాలదా?

ఓపిక లేకుండా ఈ పని చేయలేం. కానీ ఓపిక ఒక్కటే ఉంటే ఏం జరుగుతుందో చూడండి. నర్సరీలో మూడున్నరేళ్ల బాబు చేరి నెల దాటింది, ఇంకా నోరు విప్పడం లేదు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడిలో వినిపించే తెలుగూ ఇంగ్లిషూ రెండూ వాడికి కొత్తే అనుకోండి. అలాంటి బిడ్డ కొన్నాళ్లు ఊరికే వింటాడు, తర్వాత మెల్లగా మాట్లాడతాడు. తొందరపెట్టకూడదు. టీచరే వాడి భాషలో నాలుగు మాటలు నేర్చుకుంటే మంచిది. అలా కాక, చెవిలో తరచూ చీము కారి వినికిడి తగ్గిందనుకోండి. అప్పుడు ఓపిగ్గా ఎదురుచూడటమే తప్పు, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఇంట్లో ఏదో గొడవ జరిగి భయపడ్డాడనుకోండి. అప్పుడు చేయాల్సింది ఇంకొకటి. మూడింటిలోనూ పైకి కనిపించేది ఒకటే, బిడ్డ మాట్లాడడు. వెనకనుంచి పిలిస్తే తిరుగుతున్నాడా, బొమ్మలతో ఆడేటప్పుడు తనలో తను ఏమైనా గొణుక్కుంటున్నాడా, అమ్మ వచ్చినప్పుడు ఎలా ఉంటున్నాడు అని ఏమేం గమనించాలో నేర్పేది ఈ చదువు.

పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉండే వయసు దీని పరిధి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఫౌండేషనల్ స్టేజ్ అని విడదీసి, బడి చదువుకు మొదటి మెట్టుగా పెట్టింది. అంత ముఖ్యమైన వయసని ఒప్పుకున్న తర్వాత, ఆ పిల్లల్ని ఏ శిక్షణా లేనివాళ్ల చేతిలో పెట్టడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ తర్వాత ఏయే దారులు ఉన్నాయి?

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. అచ్చంగా 'ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్' అనే పేరుతో మూడేళ్ల డిగ్రీ మన దగ్గర అరుదు. అదే విషయాన్ని వేర్వేరు పేర్లతో, వేర్వేరు శాఖల కింద చదవాల్సి వస్తుంది. అందుకే చాలామంది ఇలాంటి చదువే లేదనుకుని వేరే కోర్సులో చేరిపోతారు.

మొదటి దారి కమ్యూనిటీ సైన్స్. పాతరోజుల్లో హోమ్ సైన్స్ అనేవారు. హైదరాబాద్ సైఫాబాద్‌లో ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీలో, గుంటూరులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్ ఉంది. అందులో 'హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్' అనే విభాగం మనకు కావాల్సింది. పోషకాహారం, జౌళి, గృహ నిర్వహణ కూడా చదవాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పిల్లల చదువేమిటని ఆశ్చర్యపోకండి, మన దేశంలో పిల్లల ఎదుగుదల మీద పరిశోధన చాలావరకు హోమ్ సైన్స్ కాలేజీల నుంచే వచ్చింది. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కూడా హోమ్ సైన్స్ విభాగాలు ఉన్నాయి. మామూలు డిగ్రీ కాలేజీల్లో హోమ్ సైన్స్ ఉన్నచోట తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల పద్ధతి ద్వారా చేరవచ్చు.

రెండోది డీపీఎస్ఈ, అంటే డిప్లొమా ఇన్ ప్రీస్కూల్ ఎడ్యుకేషన్. రెండేళ్లు. ఇది డిగ్రీ కాదు, కానీ ప్రీప్రైమరీ టీచరు ఉద్యోగానికి నేరుగా పనికొచ్చేది ఇదే. తెలంగాణలో ప్రైమరీ టీచర్ల డిప్లొమా అయిన డీఈఎల్ఈడీతో పాటు దీనికి కూడా డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారానే ప్రవేశం ఇస్తున్నారు. ఇంటర్‌లో 50 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 45 శాతం. ఈ కోర్సు కొద్ది కాలేజీల్లోనే ఉంటుంది.

మూడోది ఐటెప్, నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ టీచర్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్. 2023-24లో దేశవ్యాప్తంగా 57 సంస్థల్లో మొదలైంది. డిగ్రీ, బీఈడీ కలిసి వస్తాయి. జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహించే ఎన్‌సెట్ రాయాలి, తెలుగులో కూడా రాయవచ్చు. ఇందులో ఫౌండేషనల్, ప్రిపరేటరీ, మిడిల్, సెకండరీ అని నాలుగు స్టేజీలు ఉన్నాయి. చిన్నపిల్లల టీచరు కావాలంటే ఫౌండేషనల్ స్టేజ్ తీసుకోవాలి. ఇక్కడే జాగ్రత్త కావాలి, అన్ని సంస్థల్లో అన్ని స్టేజీలూ ఉండవు. వరంగల్ నిట్‌లో బీఎస్సీ బీఈడీ ఉంది, హైదరాబాద్ మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీలో ఐటెప్ ఉంది అని పేరు చూసి సంబరపడి ఫారం నింపకుండా, ఆ ఏడాది అక్కడ ఏ స్టేజీకి సీట్లు ఇస్తున్నారో ముందు చూసుకోండి.

నాలుగోది దూరవిద్య. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోలో డిప్లొమా ఇన్ ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్ (ఈసీసీఈ) ఎప్పటినుంచో ఉంది. కనీస కాలం ఒక ఏడాది, ఇంటర్ ఉంటే చాలు. ఈ డిప్లొమా పాఠ్యపుస్తకాలు చాలా బాగుంటాయి. కోర్సులో చేరనివాళ్లు కూడా వాటిని చదవాలని నా సలహా.

డిగ్రీ వేరేదాంట్లో అయిపోయినవాళ్లు పీజీలో ఇటు రావచ్చు. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో ఈ విషయంలోనే ఎంఏ ఉంది.

ఇంటర్‌లో ఏ గ్రూపు ఉండాలి?

కమ్యూనిటీ సైన్స్‌కు సైన్స్ గ్రూపు కావాలి. డీపీఎస్ఈకి, ఇగ్నో డిప్లొమాకు ఏ గ్రూపైనా ఫరవాలేదు. ఇంటర్ ఒకేషనల్‌లో ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగ్ అనే కోర్సు కూడా ఉంది. కానీ ఒకేషనల్ చదివినవాళ్లు పై కోర్సుల అర్హత నిబంధనలను చేరకముందే చదివి తీరాలి. రెండేళ్లు ఇదే విషయం చదివి, తర్వాత డీఈఈసెట్‌కు అర్హత ఉందో లేదో తెలియక టెన్షన్ పడే పరిస్థితి రాకూడదు.

మా వీధిలో ఒక ఇన్‌స్టిట్యూట్ ఆరు నెలల్లో ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) సర్టిఫికెట్ ఇస్తామంటోంది. చేరవచ్చా?

డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: "మీ కోర్సుకు ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందా? ఉంటే ఆర్డరు కాపీ చూపించండి." ఎన్‌సీటీఈ అంటే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి. టీచర్ ట్రైనింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చేది అదే. గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా దాని వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తుంది. 'భారత ప్రభుత్వ రిజిస్టర్డ్', 'ఐఎస్ఓ సర్టిఫైడ్' అని బోర్డు మీద ఉంటే అది ఎన్‌సీటీఈ గుర్తింపు కాదు. సొసైటీగా రిజిస్టర్ అయిన ప్రతి సంస్థా మొదటి మాట రాసుకోవచ్చు.

కేంద్రీయ విద్యాలయాల్లో బాలవాటిక (ఒకటో తరగతికి ముందు తరగతులు) టీచరును తీసుకునేటప్పుడు అడిగే అర్హత చూస్తే విషయం అర్థమవుతుంది: ఇంటర్‌లో 50 శాతం మార్కులు, దాంతోపాటు నర్సరీ టీచర్ ఎడ్యుకేషన్, ప్రీస్కూల్ ఎడ్యుకేషన్ లేదా ఈసీసీఈలో రెండేళ్లకు తక్కువ కాని డిప్లొమా. లేదా గుర్తింపు ఉన్న సంస్థ నుంచి బీఈడీ నర్సరీ. ఆరు నెలల కాగితం ఇక్కడ చెల్లదు. ఏడాది డిప్లొమా కూడా చెల్లదు.

అంటే ఆ చిన్న కోర్సులన్నీ దండగా? అలా అనను. ప్రైవేట్ ప్లేస్కూల్లో చేరడానికి పనికిరావచ్చు, మంచి ట్రైనర్ ఉంటే పని కూడా నేర్చుకోవచ్చు. కానీ ప్రభుత్వ ఉద్యోగం వస్తుందని చెప్పి అమ్మితే మాత్రం అది మోసమే. నగలు కుదువపెట్టి ఇలాంటి ఫీజులు కట్టినవాళ్లు ఉన్నారు, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

నాకు బీఈడీ ఉంది. అది సరిపోదా?

బీఈడీ పెద్దపిల్లలకు సబ్జెక్టు చెప్పడానికి తయారుచేసిన కోర్సు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రైమరీ తరగతులకే బీఈడీ అర్హత కాదని తీర్పు చెప్పింది. చిన్నపిల్లలకు చెప్పే పద్ధతి వేరని, దానికి తగిన శిక్షణ ఉన్నవాళ్లే ఉండాలని ఆ తీర్పు సారాంశం. ఐదేళ్ల బిడ్డకే బీఈడీ చాలనప్పుడు మూడేళ్ల బిడ్డకు చాలుతుందా?

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తీర్చుకోవాలి. డీఎస్సీలో ఎస్‌జీటీ, అంటే ప్రభుత్వ బడిలో ప్రైమరీ టీచరు పోస్టు మీ లక్ష్యమైతే అక్కడ అడిగేది డీఈఎల్ఈడీ, టెట్. డీపీఎస్ఈ చేసి ఎస్‌జీటీకి ఎదురుచూడకండి. రెండు డిప్లొమాలూ ఒకే ఎంట్రన్స్‌లో ఉండటం వల్ల చాలామంది ఒకటే అనుకుంటారు.

కోర్సులో ఏం చెబుతారు? కష్టంగా ఉంటుందా?

కాలేజీని బట్టి పేపర్ల పేర్లు మారినా లోపలి విషయం దాదాపు ఒకటే. శిశు వికాసం, పిల్లల ఆరోగ్యం, పోషణ, భాష ఎలా వస్తుంది, లెక్కల భావన ఎలా మొదలవుతుంది, ఆట ద్వారా నేర్పడం, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, తల్లిదండ్రులతో పనిచేయడం, కేంద్రం నడపడం. పిల్లల మనస్తత్వం మీద పనిచేసిన పియాజే, వైగాట్‌స్కీ, ఎరిక్‌సన్ సిద్ధాంతాలు తప్పకుండా వస్తాయి. పరీక్ష కోసం బట్టీ పడితే ఇవి విసుగు. ఇంట్లో ఒక చిన్నబిడ్డను ముందు పెట్టుకుని చదివితే బాగా ఎక్కుతాయి. రెండు వెడల్పు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, పాప చూస్తుండగానే ఒకదాంట్లోవి సన్నటి పొడవు గ్లాసులోకి మార్చి, ఎక్కడ ఎక్కువున్నాయని నాలుగేళ్ల పాపను అడిగి చూడండి. పొడవు గ్లాసునే చూపిస్తుంది. ఈ వయసులో కంటికి కనిపించిందే నిజమనుకుంటారని పియాజే చెప్పింది ఆ ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

మన దేశ చరిత్ర కూడా చదవాలి, అది నాకు చాలా ఇష్టమైన భాగం. 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయ్ బధేకా బాలమందిర్ మొదలుపెట్టారు. బెత్తం, భయం లేని బడి అది. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్, ఆమెతో చేయి కలిపిన అనుతాయి వాఘ్ మహారాష్ట్రలో ఆదివాసీ పిల్లల మధ్యకు బాలవాడీలను తీసుకెళ్లారు. పిల్లలు బడికి రాలేకపోతే బడే వాళ్ల ముంగిట్లోకి వెళ్లాలన్న ఆలోచన అక్కడే రూపు కట్టింది. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకంతో తర్వాత దేశమంతా విస్తరించిన అంగన్‌వాడీకి ఆ పేరు, ఆ ఊహ వాళ్ల నుంచే అందాయి. మన తెలుగువాళ్లలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల కోసం బాలానంద సంఘం నడిపారు. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ఆ పని గురించి తెలుసుకోవాలి.

ప్రాక్టికల్స్ ఎలా ఉంటాయి?

ఈ చదువుకు ప్రాణం అదే. మంచి కాలేజీకి ఆవరణలోనే ల్యాబ్ నర్సరీ ఉంటుంది. మొదట్లో మీకు పాఠం చెప్పే పని ఇవ్వరు. ఒక మూల కూర్చుని చూడమంటారు. చూసింది చూసినట్టు రాయమంటారు. వినడానికి తేలిక, చేయడం చాలా కష్టం.

"శ్రావ్య ఈరోజు మొండిగా ఉంది" అని రాస్తే రికార్డు తిరిగి వస్తుంది. "పది గంటలకు శ్రావ్య ఎర్ర బ్లాకు తీసుకుంది. పక్క బాబు లాక్కున్నాడు. రెండు చేతులతో దాన్ని పట్టుకుని 'నాది' అని రెండుసార్లు అంది. టీచరు పిలిచినా లేవలేదు" అని రాయాలి. మొదటిది మన తీర్పు, రెండోది బిడ్డ చేసిన పని. రెండోది చదివితే ఆ పాప మొండిది కాదని, తన వస్తువును కాపాడుకుంటోందని తెలుస్తుంది. పిల్లల మీద మనం వేసే ముద్రలు ఎంత తొందరపాటువో ఈ రికార్డులు రాస్తుంటేనే తెలిసివస్తుంది. మొండి, మందమతి, అల్లరి, ఏడుపుగొట్టు లాంటి మాటలు మన నోటి నుంచి రాలిపోవాలి. వాటిని వదిలించే శిక్షణ ఇచ్చిన కాలేజీ తన పని తాను చేసినట్టే.

తర్వాత కథ చెప్పడం, ఆటలు ఆడించడం, చింతగింజలు, గవ్వలు, ఆకులు, పాత చీర ముక్కలు, అట్టలతో బోధన సామగ్రి తయారుచేయడం ఉంటాయి. సాక్ పప్పెట్లు, చార్టులు చేయడానికి రాత్రిళ్లు మేలుకోవాల్సి వస్తుంది. అయితే రంగు కాగితాలతో గోడలు నింపడమే శిక్షణ అనుకునే కాలేజీలూ ఉన్నాయి. అలంకరణకు మార్కులు వేసి, పిల్లలతో గడిపిన సమయాన్ని లెక్కచేయని చోట ఎక్కువ నేర్చుకోలేరు.

మూడేళ్లకే అ ఆలు రాయించకపోతే తల్లిదండ్రులు ఊరుకోరు. కోర్సులో చెప్పేది బయట పనికొస్తుందా?

ఇది విద్యార్థులందరికీ ఎదురయ్యే సంకటం. మూడేళ్ల బిడ్డ వేళ్ల ఎముకలు, కండరాలు ఇంకా పెన్సిల్‌కు సిద్ధం కావు. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, బఠాణీలు ఒలవడం, కాగితం చింపి అతికించడం చేస్తే ఆ వేళ్లు బలపడతాయి. 2022 అక్టోబరులో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా ఆటకే పెద్దపీట వేసింది. అంగన్‌వాడీల కోసం కేంద్రం తెచ్చిన 'ఆధారశిల' ప్రణాళికదీ అదే దారి.

అయినా తల్లిదండ్రులకు చట్రాల పేర్లు చెప్పి లాభం లేదు. బిడ్డ చేసిన పనిని ఫైల్లో పెట్టి నెలకోసారి చూపించండి. "మొన్న మూడు పూసలు గుచ్చాడు, ఇవాళ పన్నెండు గుచ్చి లెక్క చెప్పాడు" అంటే ఏ తల్లికైనా అర్థమవుతుంది. తల్లిదండ్రులతో ఇలా మాట్లాడటం కూడా ఒక పేపరుగా చదువుతారు. చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు కానీ ఉద్యోగంలో చేరాక ఎక్కువగా అక్కరకొచ్చేది అదే.

నాకు ఇంగ్లిష్ అంతగా రాదు. చదవగలనా?

డీపీఎస్ఈ స్థాయిలో తెలుగుతో నెట్టుకురావచ్చు. కమ్యూనిటీ సైన్స్, ఐటెప్, పీజీల్లో పుస్తకాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, మొదటి ఏడాది కష్టపడక తప్పదు. కానీ మంచి తెలుగు రావడం ఈ రంగంలో పెద్ద ఆస్తి. కథను గొంతు మార్చి చెప్పగలగడం, పొడుపు కథలు, జానపద ఆటలు తెలిసి ఉండటం ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడటం కన్నా తక్కువేమీ కాదు. ఇంటి భాషలో పునాది పడిన పిల్లలకు తర్వాతి భాషలు నేర్చుకోవడం తేలిక. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి. కోయ, గోండి, సవర, కువి లాంటి భాషల్లో పిల్లలకు చదువు మొదలుపెట్టే ప్రయత్నం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే మొదలైంది. ఆ భాష తెలిసి, శిక్షణ కూడా ఉన్న టీచర్లు చాలా తక్కువ. మీ ఇంటి భాష అదే అయితే మీ అవసరం ఎంతో ఉంది.

నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఉద్యోగం చేస్తూ చదవొచ్చా?

చదవొచ్చు. దూరవిద్య మీకు తగిన దారి. ఇంటర్ ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇప్పించాలని 2020 విద్యా విధానం చెప్పింది. 2023 మేలో 'పోషణ్ భీ పఢాయీ భీ' పేరుతో శిక్షణలు కూడా మొదలయ్యాయి. వాటికి తప్పకుండా వెళ్లండి. అయితే డిగ్రీ లేకుండా పైకి వెళ్లే దారి ఇరుకు. సూపర్‌వైజర్ పోస్టుల్లో కొంత వాటా అంగన్‌వాడీ టీచర్లకు ఉంటుంది, దానికి చదువు కావాలి.

మీ రోజంతా ఎలా గడుస్తుందో తెలిసినదాన్నే. బాలామృతం పంచడం, గుడ్లు లెక్కపెట్టడం, బరువులు తూచడం, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించడం, మధ్యలో సర్వేలు. ఇంత పనిలో పుస్తకం తెరిచే తీరిక దొరకడం కష్టం. కానీ ప్రాక్టికల్స్ కోసం వేరే చోటు వెతుక్కోవాల్సిన అవసరం మీకు లేదు. మిగతా విద్యార్థులు పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్తారు, మీ చుట్టూ పిల్లలే. రోజుకు ఒక్క బిడ్డ గురించి నాలుగు వాక్యాలు రాయడం మొదలుపెట్టండి, ప్రాజెక్టు రిపోర్టులో సగం దానంతటదే తయారవుతుంది.

చదివాక ఉద్యోగాలు ఎక్కడ? జీతం ఎంత?

దాచకుండా చెప్పాలి. ప్రైవేట్ ప్లేస్కూళ్లలో మొదటి జీతాలు తక్కువ. పెద్ద నగరాల్లోని ఇంటర్నేషనల్ స్కూళ్లు, కంపెనీల క్రెష్‌లు మెరుగు. అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేది ఇప్పటికీ గౌరవ వేతనమే. 2021 పెంపుతో తెలంగాణలో నెలకు 13,650 రూపాయలు అయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2019 పెంపుతో 11,500 అయింది. 2023 డిసెంబరు, 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేసింది ఇందుకే. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. దేశం పునాది అని పిలిచే పనికి ఇంత తక్కువ ఇవ్వడం తప్పు, దీన్ని మార్చమని అడగడం కూడా ఈ రంగంలోకి వచ్చేవాళ్ల బాధ్యతే.

డిగ్రీ ఉన్నవాళ్లకు ఇంకొన్ని తలుపులు తెరుచుకుంటాయి. మహిళా శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్, సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) స్థాయి పోస్టులకు హోమ్ సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ లాంటి డిగ్రీలు అడుగుతారు. కమ్యూనిటీ సైన్స్ చదివినవాళ్లు పేరు మారిన కారణంగా తమ డిగ్రీ హోమ్ సైన్స్‌తో సమానమని విశ్వవిద్యాలయం నుంచి కాగితం తీసి ఉంచుకుంటే మంచిది. స్వచ్ఛంద సంస్థల్లో ట్రైనర్లుగా, పాఠ్యసామగ్రి తయారీలో, పిల్లల పుస్తకాల్లో అవకాశాలున్నాయి. సంగారెడ్డి జిల్లాలో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ అంగన్‌వాడీ టీచర్లతో ఏళ్లుగా పనిచేస్తోంది, అలాంటి చోట్ల ఈ చదువుకు విలువ ఎక్కువ.

మగపిల్లలు చదవొచ్చా?

చదవొచ్చు. కమ్యూనిటీ సైన్స్, మహిళా విశ్వవిద్యాలయాల సీట్ల నిబంధనలు మాత్రం చూసుకోండి. అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం మహిళలకే. బడులు, శిక్షణ, పరిశోధన, థెరపీ వైపు అబ్బాయిలకు అడ్డు లేదు. తండ్రిలా, బాబాయిలా ఆడించే మగ టీచరు ఒకరుంటే పిల్లలకు ఎంతో మేలు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేయాలని ఉంది. ఇదే కోర్సు చాలా?

మొదటి మెట్టుగా మంచిదే. తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కోర్సు చేయాలి. అది లేకుండా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయకూడదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. తెలుగువాళ్లకు ఇంత దగ్గర్లో ఇలాంటి సంస్థ ఉండటం అదృష్టం. డిగ్రీలో ఉండగానే ఒకసారి వెళ్లి చూడండి.

మాంటిస్సోరి డిప్లొమా చేస్తే ఎలా ఉంటుంది?

ఈ పద్ధతికి ఆద్యురాలైన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసుకు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా మన దేశంలోనే ఉండి ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతి లోతైనది, సామగ్రి అద్భుతం. సరైన శిక్షణా కేంద్రంలో చదివితే మాంటిస్సోరి బడుల్లో మంచి గిరాకీ ఉంది. కానీ ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. సెంటర్ ఏ సంస్థకు అనుబంధమో, సామగ్రితో మీ చేతులతో ఎన్ని గంటలు సాధన చేయిస్తారో అడగండి. దీన్ని డిగ్రీకి తోడుగా చేయండి, డిగ్రీకి బదులుగా వద్దు.

అమెరికాలో హెచ్‌4 వీసా మీద ఉన్నాను. ఇక్కడ చదవొచ్చా?

చదవడానికి హెచ్‌4 అడ్డు కాదు. జీతానికి పనిచేయాలంటే మాత్రం వర్క్ పర్మిట్, అంటే ఈఏడీ ఉండాలి. మన తెలుగు అమ్మాయిలు చాలామంది ఇంజినీరింగ్ చదివి కూడా పిల్లలు పుట్టాక ఇటు ఆసక్తి పెంచుకుని దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరుతున్నారు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ అక్కడే పూర్తిచేసి, తర్వాత నాలుగేళ్ల యూనివర్సిటీకి క్రెడిట్లు మార్చుకోవచ్చు.

నిబంధనలు రాష్ట్రానికొకటి. కాలిఫోర్నియాలో చైల్డ్ డెవలప్‌మెంట్ పర్మిట్ మెట్లుగా ఉంటుంది. అసోసియేట్ టీచరుకు ఈ విషయంలో 12 యూనిట్లు (కాలేజీ క్రెడిట్లు), టీచర్ స్థాయికి 24 యూనిట్లతో పాటు మిగతా సబ్జెక్టుల్లో 16 జనరల్ యూనిట్లు కావాలి. పిల్లలతో పనిచేసిన అనుభవం కూడా అడుగుతారు. దేశమంతా గుర్తించే సీడీఏ (చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్) సర్టిఫికెట్‌కు 120 గంటల శిక్షణ, 480 గంటల అనుభవం కావాలి. ఇండియా డిగ్రీ ఉంటే దాన్ని ముందుగా ఎవాల్యుయేషన్ చేయించుకోండి, జనరల్ యూనిట్లలో కొన్ని తగ్గవచ్చు. ప్రాక్టికమ్‌కు, అంటే కోర్సులో భాగంగా పిల్లల దగ్గర చేసే ప్రాక్టికల్స్‌కు వెళ్లేముందు వేలిముద్రలు, టీబీ పరీక్ష అడుగుతారు. జీతం లేని ప్రాక్టికమ్ కూడా మీ వీసాకు ఇబ్బంది కాదని కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెలుసుకున్నాకే మొదలుపెట్టండి.

సొంతంగా ప్లేస్కూల్ పెట్టుకోవాలని ఉంది. డిగ్రీ కావాలా?

ముందు రెండు మూడేళ్లు వేరే బడిలో పనిచేయండి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేట్ ప్లేస్కూళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక సహాయకురాలు ఉండాలి. అద్దె, జీతాలు లెక్కవేసుకుంటే ఇది తేలికైన వ్యాపారం కాదని మీకే తెలుస్తుంది. చదువు లేకుండా పెట్టినవాళ్లు సాధారణంగా ఏదో ఒక ఫ్రాంచైజీ పుస్తకాల మీద ఆధారపడతారు. చదివి పెట్టినవాళ్లు తమ ఊరి పిల్లలకు తగ్గట్టు తామే రోజును తీర్చిదిద్దుకోగలరు.

ఇంట్లోవాళ్లు "ఇంత చదివి ఆయా పని చేస్తావా" అంటున్నారు. ఏం చెప్పాలి?

ఆయా పని కూడా గౌరవమైనదే అని ముందు చెప్పండి. తర్వాత వాళ్లను ఒక మంచి ప్రీస్కూల్‌కు తీసుకెళ్లి గంటసేపు కూర్చోబెట్టండి. పాతికమంది పిల్లలు తన్నుకోకుండా, భయపడకుండా, ఎవరి పనిలో వాళ్లు మునిగి ఉండటం వెనక ఎంత ప్రణాళిక ఉందో చూస్తేనే తెలుస్తుంది. వాదించి ఒప్పించడం కన్నా అదే మేలు.

చివరికి కాలేజీని ఎలా ఎంచుకోవాలి?

గుర్తింపు చూశాక, ప్రాస్పెక్టస్ పక్కన పెట్టి పనిరోజు ఉదయం నేరుగా కాలేజీకి వెళ్లండి. ల్యాబ్ నర్సరీ ఉందా అని అడగండి. ఉంటే లోపలికి వెళ్లి చూడనివ్వమనండి. పిల్లల గొంతులు వినిపిస్తున్నాయా, బొమ్మలు బీరువాలో తాళం వేసి ఉన్నాయా, పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా చూడండి. మట్టి, నీళ్లు, ఇసుక ఎక్కడైనా కనిపిస్తున్నాయా? రెండో ఏడాది విద్యార్థులతో మాట్లాడి, పిల్లలతో వారానికి ఎన్ని రోజులు గడుపుతున్నారో, వాళ్ల రికార్డులను లెక్చరర్ చదివి తిరిగి రాయిస్తారో, సంతకం పెట్టి ఇచ్చేస్తారో కనుక్కోండి. హాస్టల్, బస్సు, ఫీజు వాయిదాల సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.